శుక్రవారం డెలివరీ

పుల్లన్న గొంతు ఎంత పెద్దదంటే, ఆయన మాట్లాడేటప్పుడు అవతలి మనిషికి ఫోను అక్కర్లేదని మడకశిరలో వాళ్ళ వీధంతా అంటుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం ఇచ్చింది. ఆర్టీసీలో చేరిన నాటినుంచి మడకశిర, హిందూపురం మధ్య బస్సు తోలుతూ, పక్కన ఇంజను రొద పెడుతుంటే దానిమీద గొంతు లేపి లేపి అలా అయిపోయింది. రిటైరైనప్పుడు డిపోవాళ్ళు బస్సు వెనక్కి తీసుకున్నారుగానీ గొంతు తీసుకోలేదు.

ఈ కథలో జరిగిన రచ్చకంతా ఆ గొంతే కారణం. దానికి తోడు ఒక ఇంగ్లీషు మాట.

పుల్లన్న భార్య లక్ష్మక్కకు బస్సు పడదు. డ్రైవరు పెళ్ళాం బస్సెక్కితే వాంతులు చేసుకుంటుందంటే జనం నవ్వకుండా ఉంటారా. పెళ్ళయిన కొత్తలో పుల్లన్న ఆమెను ముందర, ఇంజను పక్కనున్న సీట్లో రాణిలాగా కూర్చోబెట్టుకుని బయలుదేరేవాడు. బస్సు పట్టుగూళ్ళ మార్కెట్టు మలుపు తిరిగేలోపల రాణి తల కిటికీ బయట ఉండేది. నిమ్మకాయ వాసన చూసింది, ఉప్పద్దిన చింతకాయ చప్పరించింది, ఎవరో చెప్పారని పేపరు పరుచుకుని దానిమీద కూర్చుంది. ఏం చేసినా ఆ మలుపు దాటి ఆమె కడుపు పోయింది లేదు. డీజిలు వాసన అని పుల్లన్న వాదన. "డీజిలు కాదన్నా, నీ తోలడం" అని ఆయన కండక్టరు రామాంజనేయులు వాదన. లక్ష్మక్క ఈ వాదనలో ఎప్పుడూ కలగజేసుకోలేదు, ఆమెకు వాంతులతోనే సరిపోయేది.

తర్వాత చాలాకాలం స్కూటరు మీద తిప్పాడు. గాలి తగులుతుంది గనక ఆమెకు అది బాగానే ఉండేది. కానీ ఒకసారి వానకాలంలో (అక్కడ వానకాలం అంటే వాన పడిన ఆ ఒక్క రోజే) స్కూటరు జారి తుంటి దెబ్బ తగిలింది. ఇక స్కూటరు ఎక్కవద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి లక్ష్మక్క లోకం వీధి చివరిదాకా కుదించుకుపోయింది. నల్లమాడలో ఉన్న అక్కను చూడటం కూడా పోయింది. ఆ అక్క పేరే పెద్దక్క. పొద్దున పనులయ్యాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు. అందులో సగం పోట్లాట, మిగతా సగం ఆ పోట్లాట గురించి.

ఇలా ఉండగా హిందూపురంలో టీచరుగా ఉన్న కూతురు గౌతమి ఒకరోజు వచ్చి, "నాయనా, కరెంటు కారు తీసుకో. దాంట్లో డీజిలూ లేదు, పెట్రోలూ లేదు. వాసనే రాదు" అంది. పుల్లన్నకు ఆ చివరి మాట ఒక్కటి చాలు. ఆ వారంలోనే గౌతమి పేరుమీద తెల్ల కారు బుక్కు చేశాడు.

లక్ష్మక్కకు ఒక నియమం ఉంది. మంచి జరగబోతోందని ముందుగా నోరు జారకూడదు. ఆ సీమలో పుట్టినవాళ్ళందరికీ ఈ నియమం ఎంతో కొంత ఉంటుంది. మబ్బు పట్టిందని సంబరపడి నలుగురిలో "ఈసారి పడతాదిలే" అన్నామంటే, ఆ మబ్బు పక్క మండలానికి పోయి కురుస్తుంది. చెనిక్కాయ (వేరుశనగ) పైరు బాగుందని చెప్పుకున్నవాడి చేలో పీకితే కాయ ఉండదు. అందుకని కారు ఇంటిముందర నిలబడేదాకా ఎవరికీ చెప్పకూడదని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. ఎవరికీ అంటే ఎవరికీ. పెద్దక్కకు కూడా.

దాపరికం ఆమె అనుకున్నంత సులభం కాలేదు. ఎలక్ట్రీషియను వచ్చి వరండాలో పెద్ద ప్లగ్గు బిగిస్తుంటే ఎదురింటి రామాంజినమ్మ చూసింది. "ఇంత ప్లగ్గు దేనికి లక్ష్మక్కా?" అని అడిగింది. అబద్ధం అలవాటు లేని మనిషికి అవసరానికి మంచి అబద్ధం దొరకదు. "పిండిమిషను పెడతాండాం" అనేసింది లక్ష్మక్క. మర్నాటినుంచి రాగులు రావడం మొదలైంది. "మిషను వచ్చినప్పుడే పట్టియ్యండి, తొందరేమీ లేదు" అని డబ్బాలు, సంచులు పెట్టిపోయారు. కారుకోసం ఖాళీ చేసిన చోటంతా వీధివాళ్ళ రాగులతో నిండిపోయింది.

కారు మాత్రం రాలేదు. షోరూమువాళ్ళు ముందు ఉగాదికన్నారు. తర్వాత బ్యాటరీ రాలేదన్నారు. బ్యాటరీ వచ్చాక రంగు రాలేదన్నారు. ఆషాఢంలో అన్నీ వచ్చాయి, ఆషాఢంలో వద్దని లక్ష్మక్క అంది. శ్రావణంలో ఆమె సరేనంది, అప్పటికి ఆ బండిని ఎవరికో ఇచ్చేశారు. పుల్లన్న ఓపిక పట్టాడు, పట్టాడు, ఇక పట్టలేక ఒక పొద్దున అరుగు మీద నిలబడి షోరూములో పనిచేసే అరుణజ్యోతి అనే అమ్మాయికి ఫోను చేశాడు.

"ఏమ్మా, నెలలు నిండిపాయె గదా. ఇంగా డెలివరీ ఎప్పుడు? శుక్రవారమా? ఖాయంగా? హిందూపురంలోనే గదా. ఆ, గౌతమి పేరుమీదనే. తెల్లగుండాదా? నువ్వు సూసినావా? అయితే శుక్రవారం డెలివరీకి నేనే వస్తా తల్లీ."

ఆ సమయానికి లక్ష్మక్క మూరెడు దూరంలో కూర్చుని ఫోనులో అక్కతో చింతపండు గురించి పోట్లాడుతోంది.

డెలివరీ అనే మాటకు ఇంగ్లీషులో ఎన్ని అర్థాలైనా ఉండనీ. పట్నాల్లో పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు దాన్ని ఎంతయినా పాడు చేయనీ. నల్లమాడలో రెండు గొర్రెలు పెట్టుకుని ఒంటరిగా బతికే పెద్దక్కకు డెలివరీ అంటే కాన్పు. ఆమెకు వినపడినదాంట్లో నెలలు నిండటం ఉంది, డెలివరీ ఉంది, గౌతమి పేరు ఉంది, బిడ్డ రంగు కూడా ఉంది. ఇంకేం కావాలి.

పుల్లన్న ఫోను పెట్టి తిరిగేసరికి లక్ష్మక్క ముఖం తెల్లబోయి ఉంది. "డెలివరీనా? ఎవరికీ లేదుక్కా," అంటోంది ఫోనులో. "గౌతమికా? గౌతమికెందుకుంటాది? టీవీ అక్కా. టీవీలో ఎవరో." వాళ్ళింట్లో టీవీ చెడిపోయి చాలా రోజులైంది. ఆ సంగతి లక్ష్మక్కే అక్కకు చెప్పింది.

పెద్దక్క ఏమందో పుల్లన్నకు వినపడలేదు. లక్ష్మక్క ఫోను చెవి దగ్గర్నుంచి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమనింది?" అన్నాడు.

"నాకు చెప్పకుంటేనే బిడ్డ సల్లగుంటాదని మీరనుకుంటే చెప్పొద్దులే, అనింది. పెట్టేసింది."

పుల్లన్నకు నవ్వు రాబోయి ఆగిపోయింది. పెద్దక్కకు పిల్లలు కలగలేదు. మొగుడూ పోయాడు. గౌతమి తొలి కాన్పుకు సీమంతం చేసినప్పుడు ఆమె హిందూపురంలో వెతికి వెతికి పచ్చగాజులు కొని తెచ్చింది. గౌతమి అత్తగారి తరపు ఆడవాళ్ళు ఆమెను నవ్వుతూ పలకరించి, "పెద్దమ్మా, లోపల పాయసం మాడుతాండాదేమో, రోంత సూసి రా" అని వంటింట్లోకి పంపించారు. ఆమె తిరిగి వచ్చేసరికి గాజులు తొడిగే తంతు అయిపోయింది. పాయసం మాడలేదు. అది పొయ్యిమీదనే లేదు. పెద్దక్క ఏమీ అనలేదు. అక్కడే నిలబడి ఉన్న లక్ష్మక్క కూడా ఏమీ అనలేదు.

ఆ రోజునుంచి నల్లమాడ ఫోను మూగబోయింది. ఎప్పుడు చేసినా స్విచ్చాఫ్. గౌతమి చేసినా అంతే. "పక్కింటోళ్ళకు ఫోను చేసి, అది కాన్పు కాదు కారు అని చెప్పమంటే పోలా?" అన్నాడు పుల్లన్న.

"పక్కింటోళ్ళతో చెప్పి పంపే మాటనా ఇది?" అంది లక్ష్మక్క. "నేనే పోవల్ల. నా నోటితో నేను చెప్పల్ల. శుక్రవారం బండి వస్తానే నన్ను ఆడికి తీసుకొని పో."

"నీ కడుపు..."

"వాంతులు చేసుకుంటానైనా పోతా."

లక్ష్మక్క అన్నం సరిగ్గా తినడం మానేసింది. పుల్లన్నకు ఆమెను చూస్తుంటే కష్టంగా ఉండేది. ఇది తన నోటివల్ల వచ్చిన చేటు. ఆమెను క్షేమంగా అక్క ఇంటిముందర దించితేగానీ తీరదు. అక్కాచెల్లెళ్ళ సంగతి ఒకవైపు, ఇంకోవైపు ఎవరికీ చెప్పుకోలేని భయం ఒకటి. డీజిలే లేని బండిలో కూడా లక్ష్మక్క వాంతి చేసుకుందంటే, ఇన్నేళ్ళూ తప్పు డీజిలుది కాదని తేలిపోతుంది. రామాంజనేయులు ఊరంతా టముకు వేస్తాడు.

శుక్రవారం రాహుకాలం రాకముందే పుల్లన్న షోరూములో ఉన్నాడు. బండిమీద ఎర్ర పట్టుగుడ్డ కప్పి ఉంచారు. గౌతమి వచ్చి సంతకాలు పెట్టి, "అమ్మను మెల్లగా తీసుకొని పో నాయనా" అని బడికి పరుగెత్తింది. అరుణజ్యోతి పుల్లన్న మెడలో దండ వేసింది, చేతిలో తలుపంత అట్ట తాళంచెవి పెట్టింది, ముందర కేకు తెచ్చి నిలిపింది.

"ఎవరి పుట్టినరోజమ్మా?"

"మీ బండిదే సార్. డెలివరీ అంటే అదే గదా."

నోట్లో పెట్టుకున్న కేకు ముక్క పుల్లన్నకు అడ్డం పడింది. నీళ్ళు తాగాల్సి వచ్చింది.

తర్వాత గుడ్డ లాగారు. లోపల తెల్లటి బండి, ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు. పుల్లన్న అలాగే నిలబడిపోయాడు. జీవితమంతా బండ్లతోనే గడిపాడు, ఒక్కటీ ఆయనది కాదు. తెల్లారితే తాళం తీసుకోవడం, పొద్దుగూకితే తాళం అప్పజెప్పడం. ఇది ఇంటికి వస్తుంది, ఇంట్లోనే ఉంటుంది. ఆయనకు కళ్ళు చెమర్చాయి, పట్టరాని సంతోషం వేసింది. "ఇది మాదేనా?" అని అడిగాడు. ఆ అడగడం ఎంత మెల్లగా అడిగాడంటే అరుణజ్యోతికి వినపడలేదు. పుల్లన్న మాట వినపడకపోవడం ఆయన చరిత్రలో అదే మొదలు.

సీట్లో కూర్చున్నాడు. "స్టార్టు చెయ్ తల్లీ."

"అయింది సార్."

"యాడయింది?"

"ఆన్‌లోనే ఉండాది సార్. సౌండు రాదు."

పుల్లన్న దిగి, బానెట్టు మీద చెవి ఆనించి విన్నాడు. లోపల ఎవరూ లేరు. మళ్ళీ ఎక్కాడు. "క్లచ్చు లేదు, గేరు లేదు, ఎడమకాలికి పనే లేదు" అని ఆమె చెప్పింది. ఆయనకు అర్థమైంది. ఎడమకాలికి అర్థం కాలేదు. షోరూము గేటు దాటేలోపల అది తన అలవాటు కొద్దీ క్లచ్చనుకుని బ్రేకును ధనామని తొక్కింది. పుల్లన్న ముక్కు స్టీరింగుకు తగలబోయి తప్పింది. పెట్రోలు బంకు దగ్గర ఇంకోసారి తొక్కింది. వెనక వస్తున్న ఆటోవాడు తొంగి చూసి, "ఏమప్పా, కొత్తగా నేర్చుకుంటాండావా?" అన్నాడు. పుల్లన్న జీవితంలో ఇంత మాట పడలేదు. లక్ష్మక్క పక్కనుండగా ఇలా తొక్కితే ఇక చెప్పేదేముంది. బండి పక్కకు ఆపి, ఎడమకాలి చెప్పు విడిచి, భోజనానికి కూర్చున్నట్లు ఆ కాలు మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. బండి వెన్నలాగా పోయింది.

ఇంటిదగ్గర లక్ష్మక్క వాకిట్లో నిలబడి వీధి మొదలుకేసి చూస్తోంది. బండి ఆమె వెనకవైపు సందులోంచి వచ్చి చప్పుడు లేకుండా పక్కన నిలబడింది. ఆమె ఇంకా వీధి మొదలుకే చూస్తోంది. పుల్లన్న అద్దం దించి, "ఏమే, ఎవరికోసరం సూస్తాండావు?" అన్నాడు. ఆమె అదిరిపడి, గుండెమీద చెయ్యి వేసుకుని, తర్వాత ఆ చెయ్యి తీసి మెల్లగా బండిమీద పెట్టింది. వేలితో తలుపు నిమిరింది. చిన్నపిల్లలా నవ్వింది. చాలారోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాడు పుల్లన్న.

ఎదురింట్లోంచి రామాంజినమ్మ వచ్చింది. బండిని ముందూ వెనకా చూసింది. "ఇదా మీ పిండిమిషను?" అంది. "మరి మా రాగుల గతేమి?"

"నల్లమాడకు పోయొచ్చి చెప్తాం" అని లక్ష్మక్క సంచి తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. పూజ లేదు, కొబ్బరికాయ లేదు. అన్నీ తర్వాత అంది.

పుల్లన్న నీళ్ళకుండ నెత్తిన పెట్టుకున్నట్లు తోలాడు. అద్దాలన్నీ దించాడు. వీధి మలుపులో, "ఎట్లుండాది?" అని అడిగాడు.

"బాగుండాది."

ఆర్టీసీ డిపో దగ్గర, "ఇప్పుడెట్లుండాది?"

"నువ్వు అడగకుంటే బాగుండాది."

పట్టుగూళ్ళ మార్కెట్టు మలుపు వచ్చింది. పుల్లన్న ఊపిరి బిగబట్టాడు. బండి మెల్లగా తిరిగింది. పక్కనుంచి ఏ చప్పుడూ లేదు. ధైర్యం చేసి అటు చూశాడు. లక్ష్మక్క కిటికీలోంచి బయటికే చూస్తోంది, కానీ తల నిటారుగా ఉంది.

"మార్కెట్టు ఇంత పెద్దదా?" అంది. "నేనెప్పుడూ సూల్లేదే."

"ఎట్ల సూస్తావు? ఈడికొచ్చేసరికి నీ తల కిందికుండేది గదా."

హిందూపురం దాటారు. గోరంట్ల దాటారు. ఎండ వాలుతోంది. ఒకచోట రోడ్డు నిండా గొర్రెలు. పుల్లన్న ఆపి హారను కొట్టాడు. అవి తలెత్తి చూశాయి, మళ్ళీ దించుకున్నాయి. మళ్ళీ కొట్టాడు. ఒకటి వచ్చి బంపరుకు వీపు గోక్కుంది. ఇంజను రొద వినపడితే రోడ్డు దిగడం వాటికి అలవాటు, రొదే లేకపోతే దిగేదెందుకు. కాపరి కంబళి సర్దుకుంటూ వచ్చాడు. పేరు ఎర్రిస్వామి అని తర్వాత చెప్పాడు.

"ఇంజను ఆపుకొని కూసుంటే గొర్లెట్ల జరుగుతాయప్పా? స్టార్టు చెయ్."

"స్టార్టులోనే ఉండాదప్పా."

ఎర్రిస్వామి వంగి విన్నాడు. లేచి పుల్లన్న వైపు జాలిగా చూశాడు. "నీకట్ల చెప్పి అమ్మినారా?" అన్నాడు.

ఆ మాటతో పుల్లన్నకు తిక్క రేగింది. తల బయటపెట్టి, ఊపిరి నిండా పీల్చి, తాను తోలిన పాత బస్సు ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా అరిచేదో అలా అరిచాడు. ఫస్టు గేరులో మొదలుపెట్టి సెకండు గేరులోకి కూడా మార్చాడు. గొర్రెలు ఒక్క ఉదుటున రోడ్డు దిగి చేలో పడ్డాయి. వాటి వెనక ఎర్రిస్వామి కూడా దిగాడు. లక్ష్మక్క నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని ముందుకు వంగింది. అప్పుడే బండిని కదిలించిన పుల్లన్న బెదిరి అటు తిరిగాడు.

"వస్తాందా? బండి ఆపల్లనా?"

"లేదయ్యా, నవ్వుతాండా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పోనీ."

బస్సులో పుల్లన్న తలపైన 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని రాసి ఉండేది. రాయకపోయినా ఆ రొదలో ఎవరు మాట్లాడగలరు. ఈ బండిలో ఆమె నిట్టూర్పు కూడా వినపడింది.

"ఎవరికీ చెప్పొద్దని నీతో అన్నప్పుడు," అంది లక్ష్మక్క, "ఆ ఎవరికీలో అక్క గూడా ఉండాదని నాకు తెల్సు. తెలిసే అన్నా. అక్క కన్ను మంచిది కాదని కాదు. అట్లాంటిది నా మనసులో ఎప్పుడూ లేదు. కానీ అక్కకెట్ల తెలుస్తాది అది? సీమంతంలో నేను నోరు మూసుకొని నిలబడితి. ఇప్పుడు గూడా మూసుకొంటి."

"నేను గొంతు తగ్గించి మాట్లాడాల్సింది" అన్నాడు పుల్లన్న. అదే మెల్లగా అనబోయాడుగానీ, పక్కన పోతున్న సైకిలు మనిషి ఉలిక్కిపడి చూశాడు.

నల్లమాడ చేరేసరికి ఇంకా వెలుగుంది. పెద్దక్క ఇల్లు ఊరి చివర, ముందర గొర్రెల దొడ్డి. ఆమె వాకిట్లోనే ఉంది. చేతిలో తాళం, కాళ్ళ దగ్గర ఉబ్బిపోయిన సంచి, ఒంటిమీద ఇస్త్రీ చీర. ఎక్కడికో బయలుదేరింది. బండిలోంచి చెల్లెలు దిగడం చూసి కదలకుండా నిలబడింది. ముఖం పక్కకు తిప్పుకుని, పుల్లన్నను అడిగింది.

"అయిందా?"

"అయింది వదినా. పొద్దున."

"నార్మలా, ఆపరేషనా?"

పుల్లన్న దారి పొడవునా ఒక మంచి మాట తయారు చేసుకున్నాడు, అది ఎక్కడో గొర్రెల దగ్గర జారిపోయింది.

"బిడ్డెట్లుండాది?" అంది పెద్దక్క. "చెప్పకుంటే చెప్పకపోనీ. నేనే పోదామని బయల్దేరినా. లోపలికి రానులే. ఆస్పత్రి వాకిట్లో నిలబడి, దూరం నుంచి సూసి, ఇది ఇచ్చి వచ్చేద్దామని." సంచి మూతి తెరుచుకుని ఉంది. అందులో మెత్తబడిన పాత చీర చింపి మడిచిన గుడ్డలు, బాలింతకు పెట్టే మిరియాల పొడి సీసా కనిపించాయి.

పుల్లన్న బండి బానెట్టు మీద చెయ్యి వేశాడు. "ఇదే వదినా," అన్నాడు. "డెలివరీ అయింది ఇదే. గౌతమి బడికి పోయింది. ఆయమ్మకు కడుపూ లేదు, కాన్పూ లేదు. కారు."

పెద్దక్క బండిని చూసింది. పుల్లన్నను చూసింది. "దీనికా నెలలు నిండినాయని అరిసింది నువ్వు?"

"ఔ వదినా."

"తెల్లగుండాదా అని అడిగింది?"

"ఔ."

ఆమె గొర్రెల దొడ్డి గోడమీద కూర్చుంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. "అయితే కారని నాకెందుకు చెప్పలేదు?" అంది చివరికి. ఈసారి చెల్లెలి వైపు చూసి అడిగింది.

"ఎవరికీ చెప్పలేదుక్కా, దిష్టి తగుల్తాదని."

"నేను ఎవరిలోనో ఒకదాన్నా?"

లక్ష్మక్క తుంటి నొప్పితోనే నేలమీద కూర్చుని అక్క కాళ్ళు పట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. "కాదక్కా. తప్పు చేసినా. అప్పుడూ చేసినా, ఇప్పుడూ చేసినా. పాయసం మాడలేదని నాకు తెల్సుక్కా ఆ పొద్దు." పెద్దక్క ఆమె తలమీద చెయ్యి వేయలేదు, కానీ కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. పుల్లన్న గొర్రెలను లెక్కపెడుతున్నట్లు అటు తిరిగి నిలబడ్డాడు. ఉన్నవి రెండే.

కొంతసేపటికి లక్ష్మక్క ముక్కు చీది లేచింది. "బండికి ఇంగా ఎవరూ హారతి ఇయ్యలేదు," అంది. "నువ్వే ఇయ్యల్లక్కా. ముందర నువ్వే."

"నేనా?"

"నువ్వే. నువ్వు ఇస్తేనే ఇది మా ఇంటికి తిరిగి పోతాది. లేకుంటే ఈడే ఉంటాది."

పెద్దక్క చాలాసేపు చెల్లెలి ముఖంలోకి చూసింది. తర్వాత తాళం తీసి లోపలికి పోయింది. పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, పైన కర్పూరం పెట్టుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఏ పెళ్ళిలో, ఏ సీమంతంలో ఎవరూ ఆమె చేతికి ఇవ్వని పని అది. అయినా ఎలా తిప్పాలో ఆమెకు బాగా తెలుసు, చిన్నప్పటినుంచి దూరంగా నిలబడి చూసిందే కదా. మూడుసార్లు తిప్పింది, బానెట్టుకు బొట్టు పెట్టింది. బండికి పెట్టిన తర్వాత, ఏమనుకుందో, పుల్లన్న నుదుటికి కూడా పెట్టింది.

"ఇంగ ఎక్కు వదినా, ఊరంతా ఒక సుట్టు తిప్పుతా" అన్నాడు పుల్లన్న. ఆయనకు బండి వచ్చిన సంతోషం మళ్ళీ పొద్దున ఉన్నంత అయింది.

పెద్దక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి, లక్ష్మక్క వెనక కూర్చుంది. పుల్లన్న ఊళ్ళోకి పోనిచ్చాడు. పెద్దక్క మొదట బిగుసుకుని కూర్చుంది. తర్వాత తెలిసినవాళ్ళు కనపడ్డచోటల్లా అద్దంలోంచి చెయ్యి బయటపెట్టింది. వాళ్ళు చూడకపోతే పేరు పెట్టి పిలిచి మరీ చూపించుకుంది. బస్టాండు ముందర బండి తిరిగిందో లేదో, ఆమె చెయ్యితోపాటు తల కూడా బయటికి పోయింది. పుల్లన్న ఆపేలోపలే అయిపోయింది. తెల్ల తలుపు పొడవునా వాంతి.

పూలమ్ముతున్న లక్ష్మీదేవమ్మ బుట్ట దించి పరుగెత్తుకొచ్చింది. హోటలు ముందరున్నవాళ్ళూ లేచి వచ్చారు. "ఏం పెద్దక్కా, వాంతులా? ఏమాయె?" అంది లక్ష్మీదేవమ్మ. ఆ వెంటనే నాలుక కరుచుకుంది. ఎవరిని వాంతుల గురించి అడిగినా ఏదో ఒక వేళాకోళం నోటిదాకా వస్తుంది. పెద్దక్క ముందర మాత్రం కడుపు, కాన్పు, పిల్లలు, ఏ మాటా ఎవరూ ఎత్తరు. అందరూ అలా ఎత్తకుండా జాగ్రత్తపడుతుండగానే ఆమె జీవితం గడిచిపోయింది.

పెద్దక్క కొంగుతో మూతి తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళను నిదానంగా చూసింది.

"నెల తప్పినాది లక్ష్మీదేవమ్మా," అంది. "శుక్రవారం డెలివరీ అంట. మా మర్ది ఊరంతా వినపడేటట్లు చెప్పినాడు."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. వెనక సీట్లో లక్ష్మక్క నోట్లో కొంగు కుక్కుకుంది. ముందు పెద్దక్కే నవ్వింది. పొట్ట అదిరేలా, సీటు ఊగేలా నవ్వింది. అప్పుడు లక్ష్మీదేవమ్మ నవ్వింది, హోటలు ముందరివాళ్ళు నవ్వారు, ఒకామె ధైర్యం చేసి "పుల్లటివి ఏమన్నా కావల్లనా పెద్దక్కా?" అని కూడా అడిగింది. "పంపీయవే మరి, అడుగుతావేమి" అంది పెద్దక్క.

పుల్లన్న సీసాలో నీళ్ళు తెచ్చి తలుపు కడుగుతూ, "డీజిలే లేదు గదా వదినా, మరెందుకొచ్చింది?" అన్నాడు దిగులుగా.

"తోలింది నువ్వే గదా మర్దీ" అంది పెద్దక్క. లక్ష్మక్క ఆ మాట కాదనలేదు.

పుల్లన్న సీసా పక్కన పెట్టి ఎక్కి కూర్చున్నాడు. "ఇంటికి పోదామా?"

"ఇంగో సుట్టు తిప్పు," అంది పెద్దక్క, చెయ్యి మళ్ళీ బయటపెట్టుకుంటూ. "ఈ తూరి ఆస్పత్రి ముందర నుంచి పోనీ."